ఆటోనగర్‌లో ఒక హ్యాండిల్ ఖరీదు

చెన్నై నుండి కోల్‌కతా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు నుండి మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడలోని బెంజి సర్కిల్ వద్ద ఒకదానినొకటి దాటుతాయి. లారీల మీద బ్రతికే ఊరికి ఇంతకన్నా అనువైన కూడలి అక్కరలేదు. అక్కడి నుండి బందరు రోడ్డు వెంట పటమట దాటి వెళితే ఆటోనగర్ గేటు వస్తుంది. గేటు లోపలికి వెళ్ళిన తరువాత మనిషి గొంతు కన్నా సుత్తి దెబ్బలే ఎక్కువగా వినిపిస్తాయి.

దీని పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. ఊరి మధ్య రోడ్ల పక్కన చెల్లాచెదురుగా సాగుతున్న మరమ్మతు పనులను ఒక్కచోటికి చేర్చే ఉద్దేశంతో 1960లలో ఏర్పడింది. నేడు ఇక్కడ వీధికొక విద్య కనిపిస్తుంది. ఒకచోట వట్టి ఛాసిస్‌గా వచ్చిన లారీకి క్యాబిన్, తొట్టి కడుతుంటారు. మరొకచోట కమాన్ కట్టలు విప్పి, విరిగిన పట్టా తీసి కొత్తది వేస్తుంటారు. రేడియేటర్లకు మాట్లు వేసేవారు, ఇంజన్లకు బోరింగ్ చేసేవారు, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు ఎక్కించేవారు, లేత్ మీద ఇరుసులు తిప్పేవారు, అద్దాలు బిగించేవారు, సీట్లకు రెక్సిన్ కుట్టేవారు ఎవరి పనిలో వారుంటారు. మదరసాలలో వ్యాకరణం, తర్కం వంటి విద్యలను ఫునూన్ అంటారు. దాని ఏకవచనమైన ‘ఫన్’ అన్న అరబీ మాటకు కళ అన్న అర్థం కూడా ఉన్నది. ఆ మాటకు ఇన్ని శాఖలు ఇంత దగ్గర దగ్గరగా ఉండడం మేము వేరొకచోట చూడలేదు.

మేము గుంటూరు నుండి అక్కడికి వెళ్ళిన పని చాలా చిన్నది. మా తల్లిగారికి వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగింది. నెలకొకసారి విజయవాడలో వైద్యునికి చూపించాలి. నిటారుగా కూర్చుంటే నొప్పి, పూర్తిగా పడుకుంటే ఇంకా నొప్పి. వీపు కొద్దిగా వెనక్కి వాలిన స్థితిలోనే ఆమె మంగళగిరి దాటేవరకైనా మూలగకుండా ప్రయాణించగలరు. మా అన్నగారి చిన్న కారులో ముందరి ఎడమ సీటు అందుకు బాగా కుదిరింది. ఆ సీటును వాల్చే హ్యాండిల్ కాస్తా మొదలంటా విరిగిపోయింది. సీటు నిటారుగానే బిగుసుకుపోయింది.

కారును మొదట ఒక సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాము. హ్యాండిల్ విడిగా దొరకదని, సీటు పక్కనున్న మడతబందు మొత్తం మార్చాలని, కూలితో కలిపి 4,800 రూపాయలు అవుతుందని అక్కడ చెప్పారు. అరచేతి పొడవు ప్లాస్టిక్ ముక్కకు ఆ ధర మా వంటి ఉపాధ్యాయుల ఇళ్ళలో ఆలోచించవలసిన ధరే.

ఆటోనగర్‌లో పాత విడిభాగాల వీధికి వెళ్ళి అడిగాము. ఆ దుకాణాలలో కొడవలి వంటి హ్యాండిళ్ళను తీగకు గుచ్చి చింతకాయల గుత్తుల్లా వేలాడదీశారు. అంబాసిడర్ కార్ల కాలంలో ఈ బెడద లేదు. వాటి పాత రకాలలో ముందు సీటు ఒకటే పొడవైన బల్లలా ఉండేది, వాల్చే ఏర్పాటే లేదు. విడివిడి సీట్ల చిన్న కార్లు ఇంటింటికీ వచ్చాకే ఈ హ్యాండిల్, దానితో దాని విరుగుడూ వచ్చాయి. మా కారు రకానికి సరిపోయేవి కుడి సీటువి నాలుగు దొరికాయి, ఎడమవి ఒక్కటీ లేదు. కుడిది ఎడమకు పనికిరాదు, అద్దంలో ప్రతిబింబంలా వంపు తిరగబడి ఉంటుంది. ఎడమవి ఎందుకు లేవని అడిగితే, ఆ సీటులో పెద్దవాళ్ళు కూర్చుంటారని, దిగేటప్పుడు చేతికి అందిన దాన్ని పట్టుకుని లేస్తారని, అందుకే అవే ముందు విరుగుతాయని దుకాణదారుడు చెప్పాడు. ఎడమ హ్యాండిల్ తలుపుకూ సీటుకూ మధ్య ఉంటుంది. మా తల్లిగారు కూడా దాన్నే పట్టుకుని దిగేవారు.

అక్కడి నుండి సీట్లు బాగుచేసే ఒక మేస్త్రీ వద్దకు మమ్మల్ని పంపారు. అరవై దాటిన మనిషి, కళ్ళజోడు దారంతో మెడకు కట్టుకున్నాడు. మా మాటలు ఉర్దూలో సాగాయి. సీటు వంక చూసి ఆయన అన్న మొదటి మాట: “మౌలానా సాబ్, దీని తాళం బాగానే ఉన్నది. తాళంచెవి మాత్రమే విరిగింది.”

ఆ మాటలోని తేడాను ఆయన చూపించిన తరువాతనే మాకు తెలిసింది. సీటు అడుగు భాగం, వీపు భాగం కలిసేచోట ఒక ఇనుప బందు ఉంటుంది. అందులో అర్ధచంద్రాకారంలో పళ్ళున్న పలక ఒకటి, ఆ పళ్ళలో కొరికి పట్టుకునే ఇనుప నాలుక ఒకటి. నాలుకను స్ప్రింగు ఎప్పుడూ పళ్ళలోకే నెడుతూ ఉంటుంది. హ్యాండిల్ పైకి లాగితే నాలుక విడిపోతుంది, వీపు కదులుతుంది. వదిలితే మళ్ళీ కరచుకుంటుంది. మనిషి బరువును, బ్రేకు వేసినప్పటి కుదుపును మోసేది ఆ పళ్ళూ ఆ నాలుకే. పైనున్న ప్లాస్టిక్ హ్యాండిల్ ఏ బరువూ మోయదు. లోపలి నుండి పొడుచుకువచ్చిన చిన్న ఇనుప పట్టీకి అది తొడుగు మాత్రమే, ఒక్క మర దాన్ని పట్టి ఉంచుతుంది. ఎండలో నిలిపిన కారులో ఆ ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి కాగి పెళుసుబారుతుంది, మర రంధ్రం వద్ద మొదట సన్నని చీలిక వస్తుంది, ఒక రోజు చేతిలోకి ఊడివస్తుంది.

మాకు ఊళ్ళో చాలామంది ఎంసీల్ పెట్టమని సలహా ఇచ్చారు. మేస్త్రీ దానికి ఒప్పుకోలేదు. ఎంసీల్ ఇనుమును పట్టుకున్నట్టు ఈ నునుపు ప్లాస్టిక్‌ను పట్టుకోదని, ఖాళీ పూడ్చడానికే తప్ప లాగే బలానికి పనికిరాదని అన్నాడు. ఆయన చేసిన పని ఇది. మూడు మిల్లీమీటర్ల మందం గల ఇనుప పట్టీ ముక్కను బెత్తెడు పొడవున కోశాడు. విరిగిన హ్యాండిల్ వంపును చూసి దాన్ని వైస్‌లో బిగించి వంచాడు. ఒక చివర లోపలి ఇనుప పట్టీకి సరిపోయేలా రంధ్రం చేసి, పాత మర స్థానంలో బోల్టు, స్ప్రింగు వాషరు, నట్టు వేశాడు. రెండో చివరన విరిగిన ప్లాస్టిక్ పైభాగాన్నే తొడిగి రెండు రివెట్లు కొట్టాడు. అంచులన్నీ ఆకురాయితో రుద్ది, వేలితో తడిమి చూసి, మళ్ళీ రుద్దాడు. తలుపు పక్కన చీర కొంగు తగిలేచోట పదును ఉండకూడదట. మా తల్లిగారిని ఆయన చూడలేదు, స్త్రీలు కూర్చునే సీటని మాత్రమే విన్నాడు. ముప్పావు గంట పట్టింది. 180 రూపాయలు తీసుకున్నాడు.

పని సగంలో ఉండగా ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. అతని డ్రైవరు సీటు నడుస్తుండగానే దానంతట అది వెనక్కి వాలిపోతున్నదట. బందును ఒకచోట నిలిపి వెల్డింగ్ పెట్టేయమని అడిగాడు. మేస్త్రీ వెళ్ళి దీపం వేసి చూసి, మమ్మల్ని కూడా పిలిచి చూపించాడు. పలక మీది పళ్ళు మూడు నాలుగు అరిగి గుండ్రబడ్డాయి, నాలుక జారుతున్నది. “ఇతనికి విరిగింది తాళం” అన్నాడు మాతో.

వెల్డింగ్‌కు ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. ఆ వేడికి గట్టి ఇనుము మెత్తబడుతుంది. అతుకు పైకి బాగా కనిపిస్తూనే ఒక పెద్ద కుదుపుకు పగులుతుంది. పక్కనే స్పాంజి, రెక్సిన్ ఉంటాయి, నిప్పురవ్వ చాలు. కొత్త కార్లలో కొన్నిటికి సీటు పక్కనే ఎయిర్‌బ్యాగు కూడా ఉంటుంది, సీటు కింద పసుపు రంగు వైరు తొడుగు కనిపిస్తే తాను అక్కడ స్పానరు కూడా పెట్టనని చెప్పాడు. వేగంలో డ్రైవరు వీపు వెనక్కి పడితే చేతులు స్టీరింగును వదిలేస్తాయి. పాత కారు నుండి తీసిన మంచి బందు జత 1,400కు వేస్తానని, ఇప్పుడు 500 ఇచ్చి మిగిలినది నెమ్మదిగా ఇవ్వవచ్చని అన్నాడు. డ్రైవరు కారు యజమానికి ఫోను చేశాడు. అటు నుండి వచ్చిన జవాబు మాకు కూడా వినిపించింది: వెల్డింగ్ చాలు. డ్రైవరు కాసేపు నిలబడి, సలాం చెప్పి, కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

“వేరే వీధిలో చేస్తారా?” అని అడిగాము.

“చేస్తారు” అన్నాడు మేస్త్రీ, ఆకురాయి మీది నుండి తల ఎత్తకుండా.

ఆ యువకుణ్ణి తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. కారు అతనిది కాదు, రాత్రికి కిరాయి కట్టాలి, ప్రాణం మాత్రం అతనిది. మేము ఆదా చేసిన 4,620 రూపాయలూ, అతని యజమాని ఆదా చేయబోయే సొమ్మూ లెక్కలో ఒకే జాతివిగా కనిపిస్తాయి. ఒకటి తొడుగు మీద చేసిన ఆదా, రెండవది పళ్ళ మీద చేసిన ఆదా. కుటుంబాలలో పాత కార్లు కొనేవారు ఎక్కువవుతున్నారు గనుక ఈ తేడా తెలిసి ఉండడం అవసరం. హ్యాండిల్ ఊడినా సీటు వీపు కదలకుండా నిలిస్తే చవక మరమ్మతుకు సందేహించనక్కరలేదు. హ్యాండిల్ బాగానే ఉండి, నిలిపిన కారులో వెనక్కి బలంగా నెట్టినప్పుడు వీపు ‘టక్’మని జారినా, ఒక పక్క వాలి మరో పక్క నిలిచినా, ఆ సీటులో ఎవరినీ కూర్చోబెట్టకూడదు. సీటు వెనుక చెక్క దిమ్మె ఆనించి నడిపేవారు కూడా ఉన్నారు. ఢీకొన్నప్పుడు ఆ దిమ్మె ఎక్కడికి ఎగురుతుందో వారు ఆలోచించినట్టు లేదు.

మేస్త్రీ మాకు మరొక హెచ్చరిక కూడా చేశాడు. సీటు బాగుపడింది కదా అని నడుస్తున్న కారులో పడకలా వాల్చవద్దన్నాడు. ఎక్కువగా వాలితే సీటు బెల్టు ఛాతీ మీద ఆనదు, నడుము పట్టీ కటి ఎముక మీద నుండి జారి పొట్ట మీదికి వస్తుంది. బ్రేకు పడితే మనిషి బెల్టు కిందుగా ముందుకు జారతాడు, పట్టీ పేగులను నొక్కుతుంది. నిటారు నుండి రెండు పళ్ళు, మరీ నొప్పిగా ఉంటే మూడు పళ్ళు, అంతేనని వేళ్ళు చూపి చెప్పాడు. తరువాతి నెలలో వైద్యుణ్ణి అడిగితే ఆయన కూడా దాదాపు అదే మాట అన్నారు. వెన్ను కింద పలుచని దిండు పెట్టమని మాత్రం కలిపారు.

జుహర్ నమాజు వేళయింది. దుకాణం వెనుక రెక్సిన్ చుట్టల మధ్య చాప పరిచి ఉన్నది. నమాజు ముగించుకుని లేచేసరికి మేస్త్రీ మా సీటులో తానే కూర్చుని, కాళ్ళు ముందుకు తన్నిపెట్టి, వీపుతో నాలుగైదు సార్లు గట్టిగా వెనక్కి నెట్టి చూస్తున్నాడు. ప్రతి పన్ను దగ్గరా అలాగే చేశాడు. ఇనుప పట్టీకి నల్లరంగు పూయలేదని, వానాకాలం లోపల పూయించుకోమని, నెల తరువాత ఇటు వస్తే నట్టు ఒకసారి బిగిస్తానని, దానికి డబ్బులుండవని చెప్పాడు. దిగేటప్పుడు పట్టుకోవడానికి తలుపు పైన ఒక పట్టుకొమ్మ బిగించమంటారా అని అడిగాడు. పాత కారుదొకటి వెతికి 60 రూపాయలకు బిగించాడు.