సొవావే: ఒక తెల్ల వైన్ కథ

వైన్ మీద వ్యాసమా, అదీ మన యూనియన్ సావనీరులోనా, అని లెక్చరర్లు కనుబొమలు ఎగరేయకముందే ఒక మాట చెప్పేస్తాను. తాగమని ప్రోత్సహించే వ్యాసం కాదిది. పరిశోధన కోసం ఇటలీలోని పాదువాలో ఉన్న రెండేళ్ళలో నాకు పరిచయమైన ఒక రుచి గురించి, దాని వెనకున్న ఊరి గురించి నాలుగు మాటలు.

నేను నెల్లూరు జిల్లావాణ్ణి. సారా కూల్చిన కొంపలు మా వీధిలోనే రెండున్నాయి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడిన జిల్లా మాది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చిందంటే అది వాళ్ళ చలవే. అలాంటి చోటినుంచి వెళ్ళినవాడికి అన్నం బల్లమీద సీసా కనిపిస్తే ఎలా వుంటుంది? నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ మధ్యాహ్నం భోజనంలో ఒక్క గ్లాసు పోసుకునేది. రెండోది ఎన్నడూ లేదు. నేను వద్దంటే బలవంతపెట్టలేదు, నా గ్లాసులో నీళ్ళు పోసి పక్కన పెట్టేది. ఆర్నెల్లు అలాగే గడిచాయి. ఏడో నెలలో నేనే అడిగి రుచి చూశాను. ఆ వైన్ పేరు సొవావే.

సొవావే వెరోనాకి తూర్పున ఉన్న చిన్న ఊరు. చుట్టూ ప్రహరీ, పైన పాతకాలపు కోట, వెనక కొండలనిండా ద్రాక్ష. ఆ కొండల్లో చాలా భాగం అగ్నిపర్వతపు నల్లనేల. ద్రాక్ష పేరు గార్గానెగా. సొవావేలో అది కనీసం 70 శాతం ఉండి తీరాలని చట్టం. పాత తోటల్లో తీగని పందిరిమీదికి పాకిస్తారు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్ షాహీ పందిళ్ళు చూసిన కళ్ళకి అది పరాయిదేశంలా అనిపించలేదు.

రంగు లేత గడ్డిపసుపు. వాసనలో తెల్లపూలు, నిమ్మ, కాస్త బేరిపండు. నాలుకమీద సన్నని పులుపు. మింగాక చివర్లో బాదంతొక్కలాంటి చిరుచేదు. ఆవకాయకి మెంతి ఎలాగో దీనికి ఆ చేదు అలాగ, అది లేకపోతే రుచి నిలవదు. సుమారు పది డిగ్రీల చల్లదనం చాలు. మరీ ఐసుగడ్డ చేస్తే వాసన చచ్చిపోతుంది.

మనకి పప్పు తర్వాత పులుసు, ఆఖర్న మజ్జిగ ఎలాగో, వాళ్ళకి ఏ వంటకి ఏ వైనో అలా లెక్కుంది. బఠానీలేసి జావగా వండిన అన్నం, గార్దా సరస్సు చేప, వసంతకాలపు తెల్ల ఆస్పరాగస్, విచెంజావాళ్ళు పాలల్లో గంటలకొద్దీ మగ్గబెట్టే ఎండుచేప, వీటికి సొవావే జోడీ. వెన్న, జున్నుల జిడ్డుని ఆ పులుపు కడిగేస్తుంది. వేటమాంసంలాంటి బరువు వంటల ముందు మాత్రం తేలిపోతుంది. ఒకరోజు నేను కారం తగ్గించి, కొబ్బరిపాలు పోసి రొయ్యలు వండితే పెద్దావిడ మెచ్చుకుంది. ఆవకాయ ముందు మాత్రం ఏ వైనూ నిలవలేదు సుమండీ!

ఈ పేరుకీ కష్టకాలం వచ్చింది. 1968లో సొవావేకి డి.ఓ.సి. గుర్తింపు దక్కింది. అమెరికాలో గిరాకీ పెరిగేసరికి తోటలు కొండ దిగి పల్లానికొచ్చాయి. నీరూ, ఎరువూ దండిగా దొరికే నేలలో కాపు పెరిగింది, రుచి పలచబడింది. చివరికి సొవావే అంటే చవక వైన్ అనే మాట పడింది. ఆ రోజుల్లోనూ కొన్ని కుటుంబాలు కొండ వదల్లేదు. పియెరోపాన్ కుటుంబం 1971లోనే కల్వరీనో అనే ఒక్క తోట పండుతో విడిగా వైన్ తీసి, ఆ తోట పేరే సీసామీద వేసింది. 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సొవావే సంప్రదాయ ద్రాక్షతోటలను ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పోయిన పేరు తిరిగి రావడానికి ఒక తరం పట్టింది.

మిత్రులారా, ఏటేటా సీట్లు పెరుగుతున్నాయి, పట్టాలు పెరుగుతున్నాయి, సంతోషమే. కాని మన కాలేజీ పేరు చెప్పుకుని ఉద్యోగానికి వెళ్ళే ప్రతివాడూ ఆ పేరుని కొంత పెంచుతాడు, లేదా కొంత పలచన చేస్తాడు. కొండమీద కాపు తక్కువ, చాకిరీ ఎక్కువ. అయినా సొవావే పేరుని కాపాడింది ఆ కొండమీద మిగిలినవాళ్ళే.