మూడు వేళ్ళకి అందే మైనర్ కార్డ్

ఇవాళ పంట గురించి కాదు, గిటార్ గురించి రాస్తున్నా. మన రైతుల్లో చేతి వేలు దెబ్బతిన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే మీకు చెప్పాలనిపించింది.

గడ్డి కోసే మిషన్‌లో పడి నా ఎడమచేతి చిటికెన వేలు సగం పోయి నాలుగేళ్ళయింది. పార పట్టడానికి అడ్డం రాలేదు, పాలు పిండడానికీ రాలేదు. గిటార్‌కే వచ్చింది. నాకు తెలిసిన మైనర్ కార్డుల్లో సగం ఆ వేలు లేందే అందవు. ఏడాదిపాటు గిటార్ అటక మీదే ఉండిపోయింది.

మళ్ళీ కిందికి దింపించింది చిన్న లెక్క. కార్డ్ అంటే వేళ్ళు పెట్టే బొమ్మ కాదు, స్వరాల గుంపు. ఎ మైనర్ సెవెన్‌లో నాలుగే స్వరాలు: ఎ, సి, ఇ, జి. ఎ ని 'స' అనుకుంటే మిగతావి గ, ప, ని. అన్నిటికంటే కింద ఎ మోగితే మూల రూపం. సి గానీ, ఇ గానీ, జి గానీ కిందికొస్తే ఇన్వర్షన్. గుంపు అదే, అడుగున ఉండేది మారిందంతే.

సన్నవైపు నాలుగు తీగల మీద, ఐదో ఫ్రెట్ దగ్గర చూపుడు వేలు అడ్డంగా నొక్కండి. పైనుంచి కిందికి మీటితే జి, సి, ఇ, ఎ వస్తాయి. జి అడుగున ఉన్న ఇన్వర్షన్ అది. ఒక్క వేలితో పని అయిపోయింది! ఇప్పుడు ఉంగరం వేలితో అన్నిటికంటే సన్న తీగని ఏడో ఫ్రెట్‌లో నొక్కండి. ఎ పోయి బి వస్తుంది, అంటే పై 'రి'. దాంతోపాటు ఐదో తీగని ఖాళీగా మోగిస్తే ఎ మైనర్ నైన్ పూర్తిగా వచ్చినట్టే. ఐదో తీగ వదిలేస్తే అవే స్వరాలు సి మేజర్ సెవెన్. మా అబ్బాయి కీబోర్డు మీద కింద ఎ పట్టుకుంటే మళ్ళీ మైనర్ నైన్ అయిపోతుంది. అన్నీ నేనే పట్టక్కర్లేదని అప్పుడు అర్థమైంది.

జాంగో రైన్‌హార్ట్ అని పెద్ద గిటారిస్టు. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత మిగిలిన రెండు వేళ్ళతోనే సోలోలు వాయించి ప్రపంచాన్ని మెప్పించాడు. ఆయనెక్కడ, మనమెక్కడ. కానీ ధైర్యం తెచ్చుకోడానికి ఆయన చాలు.

చెయ్యి బాలేదని గిటార్ అమ్మేద్దామనుకుంటే ఒక్క వారం ఆగండి. ముందు ఆ ఐదో ఫ్రెట్‌ది పట్టి చూడండి. మీకు ఏ వేలు ఇబ్బందో కింద రాయండి, దానికి తగ్గ పట్టు గీసి పెడతా.