దుమ్ము లేపే కారు దుమ్ము మింగితే?

మా అన్న కొడుకు సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొని కిరాయిలకు తిప్పుతున్నాడు. "చిన్నాయనా, ఓపెన్ ఫిల్టర్ పెట్టి, ట్యూనింగ్ చేయిస్తే దుమ్ము లేపుతాది" అంటున్నాడు.

లేపడం సరే, మింగితే?

లీటరు డీజిల్ మండాలంటే సుమారు 10,000 లీటర్ల గాలి కావాల. మన జలదంకి మట్టిబాటల్లో ఆ గాలితో పాటు దుమ్మూ పోతాది. వడపోత సరిగా లేకపోతే రింగులు, లైనర్లు అరుగుతాయి. ట్రాక్టర్లలో మనం చూసిందే.

ట్యూనింగ్ అంటే ఇంజన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి డీజిల్, టర్బో గాలి పెంచడం. పవర్ వస్తాది, నిజమే. ఇంజన్‌లో వేడీ, క్లచ్ మీద బరువూ పెరుగుతాయి.

ముందు కంపెనీ ఫిల్టర్ మార్చు, గాలి గొట్టం క్లిప్పులు బిగించు, ఇంజెక్టర్లు చూపించు అన్నా. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే పోయిన పికప్ దాంతోనే తిరిగొస్తాది.

ఇంజన్ బోరుకొస్తే పోయేది పికప్ కాదు, వాడి బువ్వ. మీ ఇళ్లలో కుర్రోళ్లకూ చెప్పండన్నా.