అమానత్

"మామూ, ఇవాళ పొద్దంతా గుండీలే లెక్కపెట్టాను" అంది మా భాంజీ ఫోనులో.

మా ఆపా కూతురు ఒమాహాలోనే పుట్టి పెరిగింది. కాలేజీలో హిస్టరీ చదువుతోంది. వేసవి సెలవుల్లో అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి శాఖలో ఇంటర్న్‌గా చేరిందంటే, పక్షులకు దాణా వేస్తుందేమో అనుకున్నా. గుండీలేమిటే అని నవ్వాను.

కిస్సా అంతా చెప్పింది. 1865 ఏప్రిల్ 1న బెర్ట్రాండ్ అనే ఆవిరి పడవ మోంటానా గనుల వైపు సరుకు మోసుకెళ్తూ మిస్సోరి నదిలో మునిగింది. మనుషులంతా బతికి బయటపడ్డారు. సరుకు బురదలో ఉండిపోయింది. తర్వాత నది దారి మార్చుకుంది. 1968లో ఇద్దరు మనుషులు పాదరసం దొరుకుతుందని ఆశపడి వెతికితే, పడవ మట్టి కింద బయటపడింది. ఆ నేల డిసోటో వన్యప్రాణి ఆశ్రయానిది. అలా బాతుల్ని చూసుకునే శాఖకు రెండు లక్షలకు పైగా వస్తువులు వచ్చిపడ్డాయి. బూట్లు, గొడ్డళ్లు, మస్టర్డ్ సీసాలు, బ్రాందీలో నానేసిన చెర్రీ పండ్లు. 2011లో అదే నదికి వరదొస్తే వాటన్నిటినీ మళ్లీ మోసుకుని ఒమాహాలో దాచారట.

"నువ్వేం చేస్తావే?"

"ఒక్కో వస్తువుకీ నంబరుంటుంది మామూ. రిజిస్టర్‌తో సరిచూడాలి. ఎక్కడ చిట్లింది, ఎక్కడ తుప్పు పట్టింది రాయాలి. నంబరు వస్తువు మీద నేరుగా రాయం. ముందు పల్చటి లక్క లాంటి పూత వేసి, దాని మీద రాస్తాం. రేపెవరైనా తుడిచేయాలంటే మచ్చ పడకూడదు కదా. ఇవి మావి కావు, జనానివి."

అమానత్ అంటే అదేనే అన్నాను. ఆ మాట దానికి తెలుసు, వాళ్ల నానీ నోట విన్నది.

"మరి నానా కాగితాలు ఎవరి దగ్గరున్నాయి మామూ?"

నా గొంతు ఆగిపోయింది. అబ్బా పోయిన ఏడాదే అద్దె ఇల్లు మారాం. ఆయన ఖతులు, ఇరవై ఏళ్ల రోజ్‌నామ్చా, రెండు గోనె సంచులు. కొత్తింట్లో జాగా లేదని రద్దీవాలాకు తూకానికి వేశాను. ఉర్దూ చదవడం రానివాడు అమ్మితే అదో మాట. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి నేను. ఊళ్లో ఎవరి పాత కాగితాలు పాడైపోతున్నా పేపర్లో వార్త రాసేది కూడా నేనే.

నిజం చెప్పేశాను. అది తిట్టలేదు. "ఇంకేమైనా మిగిలిందేమో చూడు" అంది.

అమ్మీ సందూకు తీశాను. బట్టల కింద పరిచిన కాగితాలు అబ్బా దస్తూరీలోనే ఉన్నాయి. నెలవారీ ఖర్చుల హిసాబ్, మొత్తం పదకొండు వరఖ్‌లు. టేపు అంటించొద్దు, లామినేషన్ చేయించొద్దు, వెనక మూలన పెన్సిల్‌తోనే నంబరెయ్యి అని భాంజీ హుకుం. దానికి ఉర్దూ లిపి రాదు. అందుకే ప్రతి జుమ్మా రాత్రి నేను ఫోనులో చదువుతాను, అది అక్కడ టైపు చేసుకుంటుంది.

మొన్న నాలుగో వరఖ్. పావుకిలో ఖీమా, లాంతరుకు వత్తి, బేటీ కుర్తాకు గుండీలు.

బేటీ అంటే వాళ్ల అమ్మే. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు.

"ఎన్ని గుండీలు మామూ?" అంది తర్వాత.

"ఆరు."

రాసుకుంది.