మురుంగపాక్కం నుండి పరీక్షామందిరం ఎంత దూరం?

పుదుచ్చేరి నుండి కడలూరు వైపు సాగే రహదారి మీద, అరియాంకుప్పం ఏరు రావడానికి కాస్త ముందు మురుంగపాక్కం తగులుతుంది. తమిళంలో మురుంగై అంటే మునగ. పాక్కం అంటే సముద్రతీరపు పల్లె. ఆ పేరు తెలుగువారి నోట పడితే ఇంచుమించు మునగపాక అవుతుంది. అనకాపల్లి దగ్గర అచ్చంగా ఆ పేరుతోనే ఒక ఊరున్నది. ఒకనాటి ఈ పల్లె నేడు పట్టణంలో కలిసిపోయింది. రోడ్డు పొడవునా కడలూరు బస్సుల రొద. రెండడుగులు లోపలికి వేసి ఏటి ఒడ్డుకు చేరితే కొబ్బరిచెట్లు, పడవలు, హస్తకళాకారుల గ్రామం.

ఏరు దాటి దిగువకు పోతే అరికమేడు దిబ్బ వస్తుంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకాలు జరిపించినప్పుడు ఇటలీలో తయారైన ఎర్రని మట్టిపాత్రల పెంకులు, మధ్యధరా తీరాల నుండి ద్రాక్షాసవం మోసుకువచ్చిన జాడీల ముక్కలు బయటపడ్డాయి. రెండువేల సంవత్సరాల క్రిందట ఐరోపా వర్తకులకు కావలసిన సరకు ఈ ఏటి ఒడ్డున దొరికేది. ఇప్పుడు ఈ ఒడ్డున పెరిగిన పిల్లలలో కొందరు వర్తకవిద్య కోసం ఐరోపా వైపు చూస్తున్నారు. పారిస్ దగ్గరి హెచ్.ఇ.సి. 1881లోను, ఫోంతెన్‌బ్లోలోని ఇన్‌సియాడ్ 1957లోను వెలిశాయి. అటువంటి విద్యాలయాలలో ఎం.బి.ఏ. చదవదలచినవారికి ఎదురయ్యే తొలి గడప జీమ్యాట్ అనే ప్రవేశపరీక్ష. ఆ పరీక్ష మొదటిసారి జరిగింది 1954లో. అప్పుడు దానికి వేరే పేరుండేది, నేటి పేరు 1976లో వచ్చింది. పుదుచ్చేరి ఫ్రెంచివారి చేతి నుండి భారత ప్రభుత్వం చేతికి వచ్చింది కూడా 1954లోనే, నవంబరు 1వ తేదీన. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. కానీ ఆ రెండవ సంఘటన నేటికీ ఈ ఊరి విద్యార్థుల పరీక్షాప్రయాణాన్ని శాసిస్తూనే ఉన్నది.

ఎలాగంటే, ఫ్రాన్సుతో కుదిరిన ఒడంబడిక 1962లో అమలులోకి వచ్చినప్పుడు, ఇక్కడ పుట్టినవారు ఆరునెలల లోపల కోరుకుంటే ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చునన్నారు. కొందరు కోరుకున్నారు, అధికసంఖ్యాకులు కోరుకోలేదు. ఫలితంగా పుదుచ్చేరిలో ఒకే వీధిలో, ఒక్కొక్కసారి ఒకే వంశంలో, రెండు రకాల పాస్‌పోర్టులు కనిపిస్తాయి. పట్టణంలో 1826 నుండి నడుస్తున్న ఫ్రెంచి లిసేలో చదివి, ఫ్రెంచి పాస్‌పోర్టు జేబులో ఉన్న కుర్రవాడికి పారిస్ వెళ్ళడమంటే విమానం టిక్కెట్టు కొనడమే. అతని పక్కింటి కుర్రవాడికి వీసా కావాలి. వీసాకు బ్యాంకు పత్రాలు కావాలి, నియామకపు తేదీ కావాలి, అన్నిటినీ మించి ఓపిక కావాలి. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన తెలుగు యానాం కుర్రవాడి సంగతీ అంతే.

పరీక్ష వ్రాయడానికి సముద్రాలు దాటవలసి రావడం ఈ దేశానికి కొత్తకాదు. ఇండియన్ సివిల్ సర్వీసు పోటీపరీక్ష 1855 నుండి లండనులో మాత్రమే జరిగేది. పాఠం కలకత్తాలోనో మద్రాసులోనో నేర్చినా, జవాబు వ్రాసే బల్ల మాత్రం థేమ్స్ ఒడ్డున ఉండేది. ఓడ ఖర్చు భరించగలవారు, సముద్రయానానికి కులపెద్దల ఆక్షేపణను లెక్కచేయనివారు మాత్రమే వెళ్ళారు. 1863లో సత్యేంద్రనాథ్ ఠాకూర్ ఉత్తీర్ణుడైన మొదటి భారతీయుడు. 1878 నుండి గరిష్ఠ వయోపరిమితిని పందొమ్మిది సంవత్సరాలకు తగ్గించడంతో ఆ దారి మరింత ఇరుకైపోయింది. పరీక్షను భారతదేశంలో కూడా ఏకకాలంలో జరపాలని 1885లో కాంగ్రెసు తన తొలి సభలోనే కోరింది. 1893లో బ్రిటిషు కామన్స్ సభ అందుకు అనుకూలంగా తీర్మానించింది; తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. చివరకు 1922లో అలహాబాదులో ఆ బల్ల వేశారు. ఒక్క గదిని ఈ దేశానికి తీసుకురావడానికి ముప్పై ఏడేళ్ళు పట్టిందన్నమాట.

పుదుచ్చేరిలో ఈ కథ చెప్పుకుంటే శ్రీ అరవిందులు గుర్తుకు రాక తప్పదు. ఇంగ్లండులో చదువుకుంటున్న ఆయన 1890లో ఆ పోటీపరీక్షలో పదకొండవవాడుగా నెగ్గారు. మిగిలినది గుర్రపుస్వారీ పరీక్ష. దానికి చెప్పిన వేళకు ఆయన చేరలేదు. 1892లో ఉద్యోగం తప్పిపోయింది. ఆయన కావాలనే తప్పించుకున్నారని జీవితచరిత్రకారులు వ్రాశారు. 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరిలో అడుగుపెట్టారు. పరీక్షాస్థలానికి సమయానికి చేరకపోవడం అందరికీ అటువంటి ఫలితమివ్వదు.

నేటి పరీక్షకు లండనే వెళ్ళనక్కరలేదు. అయినా ఫ్రాన్సులో చదవాలంటే ఫ్రాన్సులోనే జీమ్యాట్ వ్రాయాలన్న భ్రమ చాలామందికి ఉన్నది. ఏ దేశంలో వ్రాసినా ఫలితం ఒకటే. అది అయిదేళ్ళు చెల్లుతుంది, కోరిన విద్యాలయానికి చేరుతుంది. మురుంగపాక్కం వాసి తూర్పుతీర రహదారి మీద నూటయాభై కిలోమీటర్లు ప్రయాణిస్తే చెన్నైలో పరీక్ష వ్రాయవచ్చును. ఐరోపాలో కేంద్రం వెదుక్కోవలసినది ఇప్పటికే అక్కడ చదువుతూనో, ఉద్యోగం చేస్తూనో ఉన్నవారు.

వారికి వెదకడం తేలికే అనిపిస్తుంది. నిర్వాహకుల వెబ్‌సైటులో ఊరిపేరు వేస్తే సమీప కేంద్రాలు, ఖాళీ తేదీలు కనిపిస్తాయి. చిక్కంతా ఆ ‘సమీపం’ అన్న మాటలో ఉన్నది. షెంగెన్ ఒప్పందంలోని 29 దేశాలలో ఒకదానిలో నివాసానుమతి ఉన్న భారతీయుడు పొరుగుదేశపు నగరానికి రైలెక్కి పోయి పరీక్ష వ్రాసి రావచ్చును. ఒక్కొక్కసారి స్వదేశ రాజధాని కంటే అదే దగ్గర. బ్రిటన్, ఐర్లండు ఆ ఒప్పందంలో లేవు. లండనులో తేదీ దొరకలేదని పారిస్‌లో తీసుకున్న భారతీయ విద్యార్థికి, రైలు రెండున్నర గంటలే అయినా, వీసా మరొకటి కావాలి. కనుక తేదీకి రుసుము కట్టకముందే పాస్‌పోర్టు పుటలు తిరగవేయడం మంచిది. ఫలితం నచ్చక మళ్ళీ వ్రాయదలిస్తే మధ్య పదహారు రోజులు గడవాలన్న నిబంధనను కూడా వీసా గడువుతో సరిచూసుకోవాలి.

ఇక పారిస్‌లో చిరునామా పట్టుకోవడం. ఇక్కడ పుదుచ్చేరి బిడ్డకు పుట్టుకతో వచ్చిన మేలొకటున్నది: రూ ద్యూమా, రూ సఫ్రెన్ అన్న వీధిపలకలు చూస్తూ పెరిగినవాడికి ‘రూ’ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. నగరపు పోస్టుకోడులో చివరి రెండంకెలు పేట సంఖ్యను తెలుపుతాయి. 75008 అంటే ఎనిమిదవ పేట. ఇంటినంబరు ప్రక్కన ‘బిస్’ అని ఉంటే అది ఆ నంబరు గల ఇల్లు కాదు, దానిని ఆనుకొని ఉన్న మరో గుమ్మం. ఇటువంటి పరీక్షాకేంద్రాలు విశ్వవిద్యాలయ భవనాల వలె దూరం నుండి కనిపించవు; కార్యాలయాల మధ్య ఏదో ఒక అంతస్తులో ఇమిడిపోయి ఉంటాయి. ముందురోజు సాయంత్రం వెళ్ళి గుమ్మం చూసి వచ్చినవాడు తెల్లవారి అరగంట ముందుగా నిదానంగా చేరగలడు. పావుగంటకు మించి ఆలస్యమైతే లోపలికి రానివ్వకపోవచ్చును. కట్టిన వందల డాలర్ల రుసుముకూడా అంతటితో సరి.

దారి తెలిసినా దక్షిణాదివారిని గుమ్మంలో ఆపగలిగినది మరొకటున్నది. అది పేరు. పరదేశంలో పరీక్ష వ్రాసేవారు, భారతదేశంలో వ్రాసే భారతీయులు కూడా, పాస్‌పోర్టే చూపాలి. నమోదులోని పేరు, పాస్‌పోర్టులోని పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తమిళనాట తండ్రిపేరు పొడి అక్షరంగా ముందు నిలుస్తుంది; పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఎందరికో ఖాళీగా ఉంటుంది. తెలుగువారికి ఇంటిపేరు ఉన్నా, బడిలో ఒక వరుస, పాస్‌పోర్టులో మరొక వరుస. పరీక్షాధికారికి ఈ ఆచారాల గొడవ పట్టదు. అతనికి కావలసినది రెండు వరుసల పోలిక. తేడా ఉంటే పరీక్షకు చాలా ముందే నిర్వాహకులకు వ్రాసి సరిచేయించుకోవాలి. గుమ్మం దగ్గర వాదించి నెగ్గినవారు అరుదు.

ఇన్ని తిప్పలెందుకు, ఇంట్లోనే వ్రాయవచ్చును కదా అంటే, నిజమే. కరోనా కారణంగా 2020 ఏప్రిల్ నుండి ఆ సదుపాయం కలిగింది. 2023 చివర కొత్తరూపు దాల్చిన ఈ పరీక్ష రెండు గంటల పదిహేను నిమిషాలు, 64 ప్రశ్నలు. కావలసినది ఒక్కటే గది, అందులో ఒక్కరే మనిషి, తెగిపోని విద్యుత్తు, తెగిపోని ఇంటర్నెట్టు. మురుంగపాక్కం వంటి పేటలో ముందు గదిలో తాతగారు, వెనుక గదిలో వంట, వసారాలో పక్కింటి పిల్లలు. ఆడి మాసంలో వీరాంపట్టినం అమ్మవారి రథోత్సవానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదులుతాయి. మైకులు తెల్లవారక ముందే మేలుకుంటాయి. గది తలుపు ఎవరైనా తీస్తే, దూరాన కూర్చొని కెమెరాలో చూస్తున్న పర్యవేక్షకుడు పరీక్షను ఆపివేయవచ్చును. సొంత గది ఉన్నవాడు ఇంట్లో కూర్చొని వ్రాస్తాడు. లేనివాడు ఇప్పటికీ ముందురోజే చెన్నై బస్సెక్కి, బంధువుల ఇంట పడుకొని, ఉదయాన్నే బయలుదేరుతున్నాడు.