ప్లాస్టరింగ్‌కి ముందు ఒక్క మాట

కొత్త ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకుందామనుకునేవాళ్లు ప్లాస్టరింగ్‌కి ముందే కేబుల్ సంగతి తేల్చుకోండి. రిసీవర్ దగ్గర్నుంచి గోడెక్కి, సీలింగ్ మీదుగా ప్రొజెక్టర్‌కి చేరేసరికి ఓ మోస్తరు గదిలోనే 12, 15 మీటర్లు పట్టేస్తుంది. 4కే 60 ఫ్రేములంటే సెకనుకు 18 గిగాబిట్ల దారి కావాలి. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్‌ని అంతదూరం నమ్మలేం. తెరమీద తెల్లచుక్కలు మెరుస్తాయి, ఉన్నట్టుండి బొమ్మ పోయి మళ్లీ వస్తుంది. ప్రొజెక్టరే పాడైందనుకుని సర్వీసువాళ్లకి ఫోన్లు చేస్తారు పాపం.

ఆ దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దాని ఒక కొన మీద 'సోర్స్', రెండోదాని మీద 'డిస్‌ప్లే' అని ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు. అందుకే ముందు నేలమీద పరిచి, రెండువైపులా తగిలించి, ఓ సినిమా మొత్తం ఆడించి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం పైపు. ఎలక్ట్రీషియన్లు అలవాటుగా వేసే ముప్పావు అంగుళం పైపులో హెచ్‌డీఎంఐ తల దూరదు. అంగుళంన్నర పైపు అడగండి. మూలల్లో ఎల్బో వద్దు, లాంగ్ బెండే వేయించండి. లోపల ఓ నైలాన్ తాడు వదిలిపెట్టించండి, రేపు కేబుల్ మార్చాల్సొస్తే గోడ పగలగొట్టక్కర్లేదు. "కరెంటు వైర్ల పైపులోనే లాగేస్తా సార్" అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి.