బాబాయి ఎడమ చెవి

గవర్నర్‌పేటలో మందుల షాపు పెట్టినవాడికి సగం డాక్టరునన్న పొగరు దానంతటదే వస్తుంది. నాకూ వచ్చింది. చుట్టుపక్కల క్లినిక్కుల చీటీలు చదివి చదివి ఏ జబ్బుకి ఏ మందో నోటికొచ్చేసింది మరి.

కంకిపాడు నుంచి మా బాబాయి ఎడమ చెవిలో దూది పెట్టుకుని వచ్చాడు. "చీము కారుతోందిరా, ఏవైనా చుక్కలివ్వు." జెంటామైసిన్ సీసా తీసి చేతిలో పెట్టాను. అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేనిదే అమ్మకూడదు. సొంత బాబాయికి చీటీ ఏమిటి!

వారంలో చెవి ఆరింది. ఆ మందు పనితనం అలాంటిది. బాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముని పట్టుకుని, తప్పుడు ప్రోటీన్లు పుట్టేలా చేసి చంపుతుంది. చెవి చీములో తిష్ఠ వేసే సూడోమోనాస్‌ని కూడా లొంగదీయగలదు. 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్‌ది, 1963లో వెల్లడైన దీనిదీ ఒకటే వంశం. టీబీకి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకుని చెవుడు తెచ్చుకున్నవాళ్ల సంగతి డీఫార్మసీలో చదివాను. పరీక్ష కోసం చదివాను, అంతే.

మళ్లీ కారింది, మళ్లీ ఇచ్చాను. మూడోసారి మనిషి కూడా రాలేదు. కబురు పంపితే ఊరికెళ్లే ఎవరి చేతికో సీసా ఇచ్చి పంపాను.

ఆ తర్వాత పిన్ని ఫోన్ చేసింది. చెవిలో ఈల వేసినట్టు మోతట, చీకటి పడితే పొలం గట్టు మీద తూలిపోతున్నాడట. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళితే లోపల లైటు వేసి చూశారు. "కర్ణభేరికి ఇంత చిల్లుంటే ఈ చుక్కలు ఎవరిచ్చారు?" పక్కనే నిలబడ్డాను. బాబాయి నావైపు చూడలేదు. "నేనే కొనుక్కున్నానండీ" అన్నాడు.

కర్ణభేరి బాగుంటే చుక్కలు బయటే ఆగుతాయి. చిల్లుంటే లోపలి చెవిలోకి దిగే దారి దొరుకుతుంది. వినికిడినీ, తూలకుండా నిలబెట్టే అదుపునీ చూసుకునే సన్నటి రోమకణాలు అక్కడే ఉంటాయి. జెంటామైసిన్ ముందు ఆ అదుపు మీదే దెబ్బకొడుతుంది. చచ్చిన వినికిడి కణాలు మనిషికి మళ్లీ మొలవవు.

బాబాయి ఇప్పుడు ఫోను కుడిచెవికే పెట్టుకుంటాడు. నన్ను ఒక్కమాట అనలేదు, అని ఉంటే తేలికగా ఉండేది.

చెవి చుక్కలు అడిగినవాళ్లని ఇప్పుడు "లోపల ఎవరైనా చూశారా?" అని అడుగుతున్నాను. కొందరు విసుక్కుని పక్క షాపుకి వెళ్లిపోతారు. అక్కడ ఇచ్చేస్తారు.